షార్ట్ ఫిల్మ్ లొకేషన్: తెలిసినవాళ్ల ఇల్లా, ఆరుబయలా?

చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు మిగిలేవి ఈ రెండే. ఆరుబయట వెలుతురు ఉచితం, వెనక లోతు కనిపిస్తుంది, ఫోన్‌తో తీసినా ఫ్రేమ్ పెద్దగా అనిపిస్తుంది. కానీ సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, అంటే పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టిన సీన్ పన్నెండు దాకా సాగితే ఒకే డైలాగ్‌లో ముఖం మీద నీడ మూడు రకాలుగా పడుతుంది, ఎడిటింగ్‌లో దాన్ని అతకడం నరకం. పైగా గాలి, హారన్లు, చుట్టూ చేరే జనం, పర్మిషన్ గొడవ.

ఇల్లయితే తలుపు వేసుకుంటే టైమ్ మన చేతిలో ఉంటుంది. ఇబ్బందల్లా ఇరుకు, తెల్లగోడలు. నటుణ్ణి గోడకి ఆనించి నిలబెట్టకండి, నాలుగైదు అడుగులు ముందుకు జరిపితే నీడ గోడ మీద పడదు, వెనక కాస్త మసకబారి బాగుంటుంది. ఫ్రిజ్ రొద మాత్రం మైక్‌లోకి వచ్చి తీరుతుంది. దాన్ని ఆపి, బండి తాళాలు అందులోనే పెట్టండి, వెళ్లేటప్పుడు తాళాల కోసం తెరుస్తారు కాబట్టి మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. ప్యాకప్‌కి ముందు అందరూ మాట్లాడకుండా 30 సెకన్లు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేసుకోండి, డైలాగుల మధ్య అతుకులు దాంతోనే పూడతాయి.

మాటలు ఎక్కువున్న కథకి నేనైతే కళ్లు మూసుకుని ఇల్లే ఎంచుకుంటాను. మాటల్లేని నడకలు, చూపులు ఉంటే బయటికి వెళ్లండి, సాయంత్రం చివరి గంటలో. ఏదైనా సరే, షూటింగ్ జరిగే టైమ్‌కే ముందొకసారి వెళ్లి, ఓ పది నిమిషాలు కళ్లు మూసుకుని వినండి.