తోటబడిలో రెండేళ్లు, ఒక మునగచెట్టు

చెట్ల కింద చదువు, మట్టిలో ఆటలు, గోడల్లేని తరగతి... ఆ ఫొటోలన్నీ అందరూ చూసినవే, మళ్లీ చెప్పను. బెజవాడ శివారులో, నున్న ఊరి వైపు మామిడితోటలో నడిచే ఒక బడికి మా చిన్నదాన్ని 2023 జూన్ నుంచి 2025 ఏప్రిల్ దాకా పంపాం. ఎలా ఉందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది బొంతపురుగు.

మొదటి ఏడు కార్తీకంలో ఒకరోజు పదకొండింటికి ఫోన్. "కంగారేం లేదండీ, చేతి మీద చిన్న దద్దుర్లు." చిన్నవేం కావు. మోచేయి నుంచి మణికట్టు దాకా ఎర్రగా పొంగిపోయింది. కంచె పక్కన బొంతపురుగులు పట్టిన మునగచెట్టును కావలించుకుందట. టీచరమ్మ అప్పటికే టేపు అంటించి నూగు పీకేసి, సబ్బుతో కడిగి, గోక్కోకుండా చూస్తూ కూర్చుంది. అంతవరకు బాగానే చేసింది. కానీ పిల్లలు తిరిగే చోట మునగ మొద్దును పొద్దున్నే ఒకసారి చూసుకోవద్దా? మా అత్తయ్యగారైతే "డబ్బు కట్టి మరీ పురుగులు పాకించుకోవాలా" అని వారం రోజులు సాధించారు. నిజం చెప్పాలంటే, టర్మ్ ఫీజు కట్టేశాం కాబట్టే మానిపించలేదు.

మరుసటి ఏడు తెనాలిలో మా అమ్మావాళ్ల పెరడు. మా అన్నయ్య కొడుకు, ఎనిమిదేళ్లవాడు, కాయలకని మునగచెట్టు ఎక్కబోతుంటే ఇది వెనక నుంచి చొక్కా పట్టి లాగింది. "బావా, ముట్టుకోకు. అవి నిద్రపోతున్నాయి. రాత్రికి పైకెళ్లి ఆకులు తింటాయి." మాకెవరికీ ఏమీ కనపడలేదు. వంగి చూస్తే బెరడు కదిలింది. అరచేయంత గుంపు! "పగలు ముద్దగా పడుంటాయని తెలుసు గానీ, రాత్రి సంగతి నేనెప్పుడూ చూడలేదే" అంది మా అమ్మ. ఆ రాత్రి టార్చి పట్టుకుని ముగ్గురూ వెళ్లారు. మొద్దు ఖాళీ.

ఆ ఊపులో చుట్టాలందరికీ ఫోన్లు చేసి మీ పిల్లల్నీ చేర్చండన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనను. మార్చి సగం దాటితే పదింటికే తోటలో నిలవలేరు. ఇక రేకుల షెడ్డు, ఫ్యాను, రంగులేసే పుస్తకాలు. ఫీజు మాత్రం తోట ఫీజే. చెడ్డ వాతావరణం ఉండదు, చెడ్డ బట్టలే ఉంటాయని నార్వే వాళ్ల సామెత గేటు మీద రాయించారు. బెజవాడ ఏప్రిల్‌కి ఏ బట్ట తొడగాలో కూడా రాయించాల్సింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు అసలు దారే లేదు, అది వాళ్ల తప్పు కాదులెండి.

ఇప్పుడు మామూలు బడిలో యూకేజీ. పెన్సిల్ పట్టడం రాక మొదటి రెండు నెలలు రాత్రిళ్లు నేనే దిద్దించాను. అత్తయ్యగారు వంట చూసుకుంటారు కాబట్టి నాకు కుదిరింది. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇల్లయితే, పైగా ఆటోలో ముప్పావు గంట ప్రయాణమంటే, చేర్చమని చెప్పలేను. రెండోవాడి కోసం ఫారం తెచ్చిపెట్టాను గానీ ఇంకా నింపలేదు. ఈసారి వెళ్లినప్పుడు ఆ మునగచెట్టు ఉందో, కొట్టేశారో అడగాలి.