అంబాసిడర్ మార్క్ 4: మొదటి పాత కారుగా కొనదలచినవారికి, పదకొండేళ్ల వాడకం తర్వాత

పాత కారు ఒకటి కొని సొంతంగా బాగుచేసుకోవాలనుకునేవాళ్లకు అంబాసిడర్‌ను మించిన బండి మన దేశంలో లేదని నా గట్టి నమ్మకం. 1958 నుంచి 2014 మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారలో తయారైంది. అందుకే స్పేర్లు ఇంకా దొరుకుతున్నాయి, పాతతరం మెకానిక్కుల చేతికి ఆ పని ఇంకా గుర్తుంది. కొనేవాళ్లు మాత్రం దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. బానెట్ ఎత్తి, స్టార్ట్ చేసి, పొగ వస్తోందా లేదా చూసి బేరం ముగిస్తారు. ఈ బండిలో అన్నిటికన్నా తేలిగ్గా, తక్కువ ఖర్చుతో తేలిపోయేది ఇంజన్ పనే. డబ్బునూ నెలలనూ మింగేది బాడీ. ఇంజన్ పట్టేసి కదలని బండైనా ఫ్లోర్ గట్టిగా ఉంటే నిశ్చింతగా కొనొచ్చు. ఇంజన్ గడియారంలా నడుస్తున్నా కాళ్ల కింద రేకు పోయిన బండిని వదిలేయాలి.

ఏ మోడల్ అంటే, 1979 నుంచి 1990 దాకా వచ్చిన మార్క్ 4 పెట్రోలు. 1489 సీసీ ఇంజన్, నాలుగు గేర్లు, స్టీరింగ్ పక్కనే గేర్ లివర్. అంబాసిడర్‌కు మూలమైన ఇంగ్లండ్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ ఇంజనే ఇది. బానెట్ ఎత్తితే లోపల ఎటు చూసినా చెయ్యి పట్టేంత చోటు ఉంటుంది. 1990ల్లో వచ్చిన 1800 ఐఎస్‌జెడ్‌లో ఇసుజు ఇంజన్, ఫ్లోర్ మీద ఐదు గేర్లు ఉంటాయి. రోజూ ఆఫీసుకు తిరగాలంటే అదే నయం, పని నేర్చుకోవాలంటే మార్క్ 4 నయం. డీజిల్ బండి మొదటి ప్రాజెక్టుకు వద్దు. దాని అదురుకు బోల్టులు వదులవుతాయి, వెల్డింగులు విడిపోతాయి.

ఇక బాడీ. అంబాసిడర్‌కు విడిగా చాసిస్ ఉండదు, ఫ్లోరూ, డోర్ల కింద పొడుగునా ఉండే పెట్టెలాంటి రేకు దూలాలూ (సిల్స్) కలిసే బండి బరువు మోస్తాయి. అందుకే ముందు మ్యాట్లు ఎత్తించండి. ఎత్తనివ్వకపోతే అక్కడితో ఆగిపోండి. చిన్న స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోరంతా తడుతూ పోవాలి. మంచి రేకు టంగుమంటుంది, తుప్పు తిన్న రేకు అట్టముక్కలా దబ్‌మంటుంది. శబ్దం మారిన చోట మొనతో నొక్కితే, నల్లటి అండర్‌కోట్ పైకి చక్కగా కనిపిస్తూనే లోపలికి దిగిపోతుంది. తప్పక చూడాల్సినవి: డ్రైవర్ మడమ ఆనే చోటు, ముందు సీట్ల కింద టార్షన్ బార్ల (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు) వెనక కొసలు బిగించిన అడ్డ దూలం (క్రాస్‌మెంబర్), వెనక కమాను పట్టీల హ్యాంగర్లు, డిక్కీ కింద స్టెప్నీ పెట్టే చోటు, డోర్ల అడుగు అంచు. ఈ వరుసలో మొదటి మూడూ పోయి ఉంటే అది మొదటి ప్రాజెక్టుకు తగిన బండి కాదు.

సిల్స్ సంగతి తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. బండి పక్కన జాకీ పెట్టే చోట జాకీ పెట్టి చక్రం నేల వదిలేదాకా ఎత్తండి. ఇప్పుడు ముందు డోరు తెరిచి మూయండి. ఎప్పటిలా పడితే సిల్ బాగుంది. పట్టేసినా, చుట్టూ సందు మారినా, బండి మధ్యలో వంగుతోందని అర్థం. జాకీయే లోపలికి దిగబడితే వేరే పరీక్ష అక్కర్లేదు. పుట్టీ ఎంత ఉందో చూడటానికి మాత్రం ఒక అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి ఫెండర్ల మీద, డోర్ల కింద ఆనించి చూడండి. జారిపోయిన చోటల్లా రేకు మీద మందంగా పుట్టీ ఉంది.

సముద్రపు గాలి తగిలిన విశాఖ, కాకినాడ బండి కన్నా అనంతపురం, కర్నూలు వైపు ఎండలో నిలబడ్డ బండి మేలు. ఎండకు పోయేవి సీట్లు, రబ్బర్లు, రంగు. వాటిని మార్చుకోవచ్చు.

సిల్ కోసి కొత్తది వేయాల్సి వస్తే, కోయకముందే డోర్ సందుల్లో ఇనుప యాంగిల్ ముక్కలు అడ్డంగా వెల్డ్ చేయించండి. ఇది చేయకుండా కోసిన బండ్లకు తర్వాత ఎన్ని రోజులు సర్దినా డోర్లు సరిగ్గా పడవు. ఫ్లోర్‌కు 18 గేజ్ రేకు, బయటి ప్యానెళ్లకు 20 గేజ్ వాడాలి. గ్యాస్ వెల్డింగ్ వేడికి పెద్ద ప్యానెళ్లు అలలు తేలతాయి కాబట్టి సీఓటూ వెల్డింగ్ ఉన్న టింకరింగ్ షాపునే వెతకండి. పాత రేకు మీద కొత్త రేకు అతికించే పని ఒప్పుకోవద్దు. రెండు రేకుల మధ్య నీళ్లు చేరి రెండు వానాకాలాల్లో మళ్లీ మొదటికొస్తుంది.

కాగితాలు క్లుప్తంగా. ఆర్‌సీ మీదున్న ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీద మీ కళ్లతో చదవండి, ఎందుకంటే ఇన్నేళ్లలో ఇంజన్లు మార్చిన బండ్లు చాలా ఉన్నాయి. ప్రభుత్వ వేలంలో అమ్ముడైన తెల్ల అంబాసిడర్ అయితే వేలం ఉత్తర్వు నకలు అడగండి. బదిలీకి ఫారం 29, 30, వేరే రాష్ట్రం నుంచి వస్తే ఫారం 28తో ఎన్‌ఓసీ, రెన్యువల్‌కు ఫారం 25. 15 ఏళ్లు దాటిన కారు ఆర్‌సీ రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్‌లో 5,000 రూపాయలైంది, 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఐదేళ్లకోసారి కట్టాలి కాబట్టి బేరంలో దీన్నీ కలుపుకోండి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్లు నిండిన బండ్లకే వర్తిస్తుంది, అంటే తొలి మార్క్ 4కైనా 2029 దాకా ఆ దారి లేదు. పైగా ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు.

బండి ఇంటికొచ్చాక చాలామంది మొదట రంగు వేయిస్తారు. రంగు అన్నిటికన్నా చివర. ముందు బ్రేకులు, తర్వాత ముందు చక్రాల సరంజామా, ఆ తర్వాత కూలింగు, పెట్రోలు లైను, వైరింగు.

బ్రేకులు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. నిలబడిపోయిన బండిలో వీల్ సిలిండర్లు లోపల తుప్పు పట్టి ఉంటాయి. లోపలి రబ్బర్ల కిట్ మాత్రమే వేస్తే ఆరునెలల్లో మళ్లీ కారతాయి, సిలిండర్లే మార్చేయండి. మాస్టర్ సిలిండర్, ముందు రెండు, వెనక ఒకటి రబ్బరు హోసులు, మొత్తం ఫ్లూయిడ్ ఒకేసారి కొత్తవి పడాలి. డ్రమ్ములు లేత్ పట్టించాక షూలను వాటికి తగ్గట్టు సరిచేయించాలి, లేకపోతే పెడల్ మెత్తగానే ఉంటుంది. బండి ఒక పక్కకు లాగుతోందంటే ఆ పక్క బ్రేకు ఎక్కువ పడుతోందని అనుకుంటారు. చాలాసార్లు రెండో పక్క సిలిండర్ పట్టేసి ఉంటుంది, లేదా హబ్ సీలు కారి లైనింగ్ మీద నూనె పడి ఉంటుంది. నూనె పీల్చిన లైనింగ్ పెట్రోలుతో కడిగినా బాగుపడదు. షూలు తమంతట తాము సర్దుకోవు కనుక ప్రతి 3,000 కిలోమీటర్లకు చేత్తో అడ్జస్ట్ చేయాలి.

ముందు చక్రాల దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే ఈ బండి నడక అంతా అక్కడే ఉంది. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు ఏ నిలువు కడ్డీల మీద తిరుగుతాయో ఆ కింగ్‌పిన్లు అరిగితే స్టీరింగ్ అటూ ఇటూ ఆడుతుంది, టైరు లోపలి అంచు తినేస్తుంది. చక్రం నేల వదిలేలా ఎత్తి, పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఆడించండి. ఆట ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోయిందంటే అది వీల్ బేరింగ్‌ది, పోలేదంటే కింగ్‌పిన్‌దో, దాని కొసన ఉండే ట్రనియన్ అనే కీలుదో. ఇంత చిన్న పరీక్ష చేయక బేరింగులు మార్చి డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

గ్రీజు కూడా చక్రం గాల్లో ఉండగానే కొట్టాలి. బండి బరువు మీద ఉంటే గ్రీజు ఒక పక్కకే పోతుంది, బరువు మోసే పక్కకు చేరదు. గన్ నొక్కుతూ ఉండండి. మొదట నల్లటి, ఇసుక కలిసిన గ్రీజు అంచుల్లోంచి పురుగులా బయటికొస్తుంది. శుభ్రమైన కొత్త గ్రీజు కనిపించేదాకా ఆపొద్దు. ఎంత నొక్కినా రాకపోతే గ్రీజు ఎక్కించే మూతి (నిపిల్) మూసుకుపోయింది, విప్పి సూదితో తీయాలి. ప్రతి 1,500 కిలోమీటర్లకు ఇలా చేస్తే కింగ్‌పిన్ల గురించి ఏళ్ల తరబడి తలచుకోనక్కర్లేదు. వానలో తిరిగాక కిలోమీటర్లు లెక్కపెట్టకుండా కొట్టండి.

టార్షన్ బార్లు విప్పితే కుడిదీ ఎడమదీ గుర్తు పెట్టుకోవాలి. వాడిన బార్ ఏ వైపు మెలికకు అలవాటు పడితే ఆ వైపే వేయాలి, తారుమారైతే విరిగే ప్రమాదం ఉంది.

ఇంజన్ వేడెక్కుతోందని రేడియేటర్ మార్చేవాళ్లు ఒకసారి ఇంజన్ బ్లాక్ చూడాలి. ఏళ్ల తరబడి కుళాయి నీళ్లు పోసిన బండిలో మడ్డి అంతా వెనక, నాలుగో సిలిండర్ చుట్టూ పేరుకుంటుంది. బ్లాక్ పక్కనున్న డ్రెయిన్ ట్యాప్ తిప్పినా చుక్క రాదు. ట్యాప్ విప్పేసి కమ్మీతో పొడిచి, బ్లాక్‌కు ఉండే గుండ్రటి రేకు మూతలు (కోర్ ప్లగ్గులు) తీసి ఎదురు దిశలో నీళ్లు కొట్టాలి. రంగు తేలేదాకా కొడితే రేడియేటర్ కొనే అవసరమే చాలాసార్లు రాదు. మెకానిక్కులు తీసి పారేసిన థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) మళ్లీ పెట్టించి, కూలెంట్ వాడండి.

ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ ఇంజన్‌కు ఒకే పక్క ఉండటంతో మన ఏప్రిల్, మే ఎండల్లో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేస్తే కదులుతుంది గానీ అది దారి దాటడానికే. పెట్రోలు పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా మళ్లించి, కార్బురేటర్ కింద రేకు అడ్డు పెట్టించడమే సరైన మందు. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. హోసులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేసి, పంపు డయాఫ్రమ్ మార్చి, మిక్స్చర్ కొంచెం రిచ్ చేయాలి. నెలల తరబడి నిలబెట్టే బండి ట్యాంకులో ఈ పెట్రోలు ఉంచొద్దు. ఇథనాల్ తేమను లాక్కుని ట్యాంకు అడుగున తుప్పు పుట్టిస్తుంది.

వైరింగులో పాత బండ్లకు రెండే ఫ్యూజులుంటాయి, హెడ్‌లైట్లకు అసలు ఫ్యూజే ఉండదు. రిలేలు, ఫ్యూజు బాక్సు తప్పక వేయించండి. డైనమో ఉన్న బండైతే అది ఇచ్చేది 22 ఆంపియర్లకు మించదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్, హాలోజన్ లైట్లు రెండూ పెడితే రాత్రి ప్రయాణంలో బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు ఆల్టర్నేటర్ పెట్టాల్సిందే.

ఇంజన్ విప్పేముందు గేజ్ పెట్టి నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) చూడండి. నాలుగూ 120 పీఎస్ఐ దాటి, ఒకదానికొకటి 10 శాతం లోపు తేడా ఉంటే ముట్టుకోవద్దు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు మాత్రమే తక్కువ చూపిస్తే హెడ్ గాస్కెట్. ఒకటే తక్కువైతే ప్లగ్ రంధ్రంలో చెంచాడు నూనె పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. టాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ). ఏ వాల్వు ఎప్పుడు సరిచేయాలో తొమ్మిది లెక్క గుర్తుంచుకుంటే చాలు: ముందు నుంచి లెక్కపెట్టి 8వ వాల్వు పూర్తిగా నొక్కుకున్నప్పుడు 1వది, 7వది నొక్కుకున్నప్పుడు 2వది, అలా ఎప్పుడూ మొత్తం తొమ్మిది. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు 15 థౌ, స్పార్క్ ప్లగ్గులది 25. టాపెట్లు సర్దిన కొన్నాళ్లకే సందు తగ్గిపోతూ ఉంటే ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు లోపలికి దిగుతున్నట్టు. సీసం కలిపిన పెట్రోలు కోసం చేసిన హెడ్ ఇది, ఆ పెట్రోలు 2000 ఫిబ్రవరితో పోయింది. హెడ్ లేత్ షాపుకు వెళ్లినప్పుడే నాలుగు ఎగ్జాస్ట్‌లకూ గట్టి సీట్లు దిగ్గొట్టిస్తే ఆ బాధ పోతుంది.

ఈ ఇంజన్ వెనక వైపు నూనె చుక్కలు వేయడం చూసి కంగారుపడి గేర్‌బాక్స్ దింపించేవాళ్లున్నారు. క్రాంక్ వెనక రబ్బరు సీలు ఉండదు, మరలాంటి గాడి నూనెను లోపలికి తిప్పి పంపుతుంది. క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగితే ఆ గాడి ఓడిపోతుంది. కాబట్టి ముందు ఆ ఒత్తిడిని బయటికి వదిలే బ్రీదర్ పైపు విప్పి కిరోసిన్‌తో కడగండి, నూనె డిప్‌స్టిక్ పై గీత దాటకుండా చూడండి. రాత్రికి నాలుగైదు చుక్కలకు తగ్గితే అది ఈ ఇంజన్ సహజగుణం, వదిలేయండి. ఆ తర్వాతా ధార కడుతుంటే రింగులు అరిగి గ్యాసు కిందికి దిగుతోంది, అప్పుడు ఇంజన్ పని పెట్టుకోవాలి.

స్పేర్ల కోసం విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ తిరిగితే రోజువారీ సామాను దొరుకుతుంది. బీడింగులు, పాత గ్రిల్, మీటర్లలాంటివి చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్‌లలో వెతకాలి. పాత సామాను ఏదీ కొత్తది చేతికొచ్చేదాకా పారేయొద్దు. కొత్తగా వస్తున్న కింగ్‌పిన్ కిట్లు, వీల్ సిలిండర్లలో కొలతలు తేడాగా ఉన్నవి ఉంటాయి. కొట్లోనే పక్కన పెట్టి కొలిచి తీసుకోండి.

ఇన్నేళ్ల నడకలో ఊళ్లో లీటరుకు 8 నుంచి 9, హైవేలో 11 కిలోమీటర్లు. గంటకు 70 దగ్గర హాయిగా సాగుతుంది, 85 దాటితే ఇంజన్ మొర పెడుతుంది. మొదటి గేరుకు సింక్రోమెష్ (నడుస్తుండగా గేరు సాఫీగా పడేట్టు చేసే ఏర్పాటు) లేదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి. బ్రేకులు ఎంత బాగున్నా నేటి కార్లంత దగ్గర్లో ఆగదు, ముందు బండికి రెట్టింపు దూరం ఉంచాలి. ఏసీ పెట్టించుకున్నా ఆ చిన్న ఇంజన్ మోయలేదు. వెనక సీటు సుఖం మాత్రం ఈ రోజుకీ సాటిలేనిది. గుంతల రోడ్డు మీద ఇంటి పెద్దవాళ్లను నడుం నొప్పి లేకుండా తీసుకెళ్లగల బండి ఇది, ముందు కింగ్‌పిన్లకు గ్రీజు అంది ఉంటే.