గెలిచాడు సరే, ఎవరి మీద? బాక్సింగ్ రికార్డుల సైటుతో ఏడేళ్లు

మా ఊరు భీమవరం పక్కనే. సంక్రాంతికి రెండు నెలల ముందు నుంచే మా పెదనాన్న కోళ్లు చూడ్డానికి ఊళ్లు తిరిగేవారు. అమ్మేవాడు డేగ కోడిని చంకలో పెట్టుకుని "నాలుగు పందేలు కొట్టిందండీ" అనేవాడు. పెదనాన్న కోడిని చేతుల్లోకి తీసుకుని, తొడలు నొక్కి చూస్తూ ఒకటే అడిగేవారు: "కొట్టింది సరే, వేటి మీద కొట్టింది?"

2018 నుంచి లీడ్స్‌లో ఉంటున్నాను. బాక్సింగ్ మీద పందెం కాసేముందు నేను తెరిచే రికార్డుల సైటు సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబు చెబుతుంది. బాక్సింగ్ చూసేవాళ్లకి ఆ సైటు తెలిసే ఉంటుంది కాబట్టి ఏం ఉంటుందో, ఎలా తెరవాలో రాయను. అందులో ఒక్క సదుపాయం కోసమే ఇన్నేళ్లు వాడుతున్నాను, దాని గురించే చెబుతాను.

ఒక బాక్సర్ పేజీ తెరిస్తే అతను ఆడిన ప్రతి ఫైటూ ఒక వరస. ఆ వరసలో ఎదుటివాడి పేరు, ఆ రోజుకి వాడి గెలుపోటముల లెక్క, వాడి చివరి ఆరు ఫైట్ల ఫలితాలు చిన్న చిన్న రంగు గడుల్లో ఉంటాయి. గెలుపు ఆకుపచ్చ, ఓటమి ఎరుపు. పేరు మీద నొక్కితే వాడి పేజీ. అక్కడ మళ్లీ వాడు ఓడించినవాళ్ల పేజీలు. అలా మూడు మెట్లు కిందికి దిగితే, పోస్టర్ మీద మెరిసే "15-0" (పదిహేను గెలుపులు, ఓటమి లేదు) ఎంత గట్టిదో తేలిపోతుంది.

ఇంగ్లండ్‌లో ఇది తెలియకుండా పందెం కాయడం కళ్లకి గంతలు కట్టుకోవడమే. ఇక్కడ చిన్న హాళ్లలో జరిగే షోలకి టికెట్లు అమ్మిపెట్టేది ఆ ఊరి కుర్రాడే. వాడి చుట్టాలూ స్నేహితులూ వస్తేనే షో నడుస్తుంది. వాడు గెలిస్తేనే వచ్చేసారి కూడా వస్తారు. అందుకని ఎదుటి మూలకి జర్నీమ్యాన్ వస్తాడు. ఫోన్ వస్తే రెండ్రోజుల్లో బయల్దేరతాడు, నాలుగు రౌండ్లు తెలివిగా ఆడతాడు, దెబ్బ తగలకుండా చూసుకుంటాడు, ఓడి ఇంటికెళ్లి వారం తిరక్కుండా ఇంకో ఊళ్లో ఆడతాడు. బర్మింగ్‌హామ్‌కి చెందిన పీటర్ బక్లీ 300 ఫైట్లు ఆడి 256 ఓడాడు. క్రిస్టియన్ లైట్ కూడా 300 ఆడితే గెలిచింది 12. వీళ్లంటే నాకు చాలా గౌరవం. ఈ ఆట ఇక్కడ బతికుందంటే వీళ్ల వల్లే. కానీ పందెం కాసేవాడు గుర్తుంచుకోవలసింది వేరే: ఇలాంటి వాళ్ల మీద పదిహేను గెలిచినవాడికీ, అసలు ఫైటే ఆడనివాడికీ పెద్ద తేడా లేదు. పైగా బ్రిటన్‌లో ఇలాంటి చిన్న ఫైట్లకి మార్కులు వేసేది రిఫరీ ఒక్కడే. ముగ్గురు జడ్జీలుండరు.

ఈ సదుపాయం నాకిచ్చిన పెద్ద ఆనందం 2019 జూన్ 1న. అప్పటి హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్, బ్రిటన్‌కి చెందిన ఆంథొనీ జాషువా తొలిసారి అమెరికాలో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆడాలి. ఎదుట ఆడాల్సినవాడు డోపింగ్ పరీక్షల్లో దొరికిపోయాడు. చివర్లో వచ్చినవాడు ఆండీ రూయిజ్. 121 కిలోల మనిషి, పొట్ట షార్ట్స్ మీదికి జారుతుంటుంది. మా ఆఫీసులో అందరూ ఫొటో చూసి నవ్వేశారు. నేను పేజీ తెరిచాను. 33 ఫైట్లలో ఒకటే ఎరుపు. నొక్కితే, 2016 డిసెంబరులో ఆక్లండ్‌లో, జోసెఫ్ పార్కర్ సొంత ఊళ్లో, ఖాళీగా ఉన్న ప్రపంచ టైటిల్ కోసం, మెజారిటీ డెసిషన్. అంటే ముగ్గురు జడ్జీల్లో ఒకరు సమానం అన్నారు. అదే పార్కర్‌ని జాషువా 2018లో కార్డిఫ్‌లో నాకౌట్ చేయలేకపోయాడు, పన్నెండు రౌండ్లూ ఆడాల్సి వచ్చింది. అప్పటికి ఇద్దరి రికార్డుల్లో నేను చూసిన బలమైన పేర్లలో ఇదొకటి, అక్కడ ఇద్దరూ దాదాపు ఒకే మెట్టు మీద ఉన్నారు. రూయిజ్ గెలుస్తాడని అనుకోలేదు. బుకీల ఆడ్స్ (పందెం రేట్లు) చూపినంత తేడా మాత్రం లేదనిపించి అయిదు పౌండ్లు పెట్టాను.

ఇక్కడ తెల్లవారుజాము. మూడో రౌండ్లో రూయిజ్ కింద పడ్డాడు. అయిపోయిందనుకుని మంచినీళ్లకి లేచాను. గ్లాసు చేత్తో వెనక్కొచ్చేసరికి జాషువా కింద ఉన్నాడు. ఆ రౌండ్లోనే ఇంకోసారి పడ్డాడు. ఏడో రౌండ్లో రిఫరీ ఆపేశాడు. వచ్చిన డబ్బుతో ఆ నెల కరెంటు బిల్లు కట్టాను. డబ్బు కంటే, చదివింది చదివినట్టు జరిగిందన్న సంతోషం నన్ను చాలాకాలం పట్టుకుంది. ఊరికి ఫోన్ చేసి పెదనాన్నకి కథంతా చెబితే, "ఎరుపు రంగుని కూడా నమ్మకూడదన్నమాట" అన్నారు.

ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ఈ సైటు గురించి ఎవరడిగినా కళ్లు మూసుకుని వాడమని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. కారణం 2021 ఫిబ్రవరి 13.

జాష్ వారింగ్టన్ మా లీడ్స్ వాడు. అప్పటికి 30 ఆడి 30 గెలిచాడు. మా వీధి చివర బార్బర్ షాపులో వాడి ఫొటో, మా అబ్బాయి బడిలో వాడి మాట. ఎదుట మారిసియో లారా అనే ఇరవై రెండేళ్ల మెక్సికో కుర్రాడు, రెండు ఓటములున్నాయి. అలవాటు ప్రకారం లారా పేజీ తెరిచి ఒక్కొక్క పేరే నొక్కుకుంటూ కిందికి దిగాను. ఎక్కువమంది నేనెప్పుడూ వినని పేర్లే. ఓటముల మీద నొక్కితే అక్కడా పెద్ద పేర్లు లేవు. మూడు మెట్లు దిగాక, ఇది మన చిన్న హాళ్ల రికార్డు లాంటిదే అని తేల్చేశాను. వారానికి పది పౌండ్లకి మించకూడదని నేను పెట్టుకున్న నియమాన్ని మొదటిసారి దాటి, యాభై పెట్టాను. వారింగ్టన్ మీద ఒక్కదాని మీదే కాస్తే వచ్చేది దాదాపు ఏమీ లేదు కాబట్టి, ఆ వారం ఇంకో రెండు ఫైట్లతో కలిపి కాశాను.

కోవిడ్ రోజులు. వెంబ్లీ అరీనాలో ప్రేక్షకులు లేరు. ఖాళీ హాల్లో గ్లోవ్ తగిలిన చప్పుడు, కోచ్‌ల కేకలు టీవీలో విడివిడిగా వినిపిస్తున్నాయి. మొదటి రౌండ్ నుంచే వారింగ్టన్ కాళ్లు వాడి కాళ్లలా లేవు. దగ్గరికి వెళ్తున్నాడు గానీ ఎప్పట్లా వెంటనే పక్కకి తప్పుకోవట్లేదు, అక్కడే నిలబడిపోతున్నాడు. నాలుగో రౌండ్లో లారా ఎడమ హుక్ (పక్కనుంచి వచ్చే గుద్దు) తగిలి వారింగ్టన్ పడ్డాడు. లేచాడు. లేచిన మనిషి ముఖం చూసి మా ఆవిడ "చాలు, ఆపమనండి" అంది, అక్కడెవరో వింటున్నట్టు. అయిదు రౌండ్ల పాటు అది సాగింది. తొమ్మిదో రౌండ్లో మళ్లీ అదే ఎడమ హుక్. ఈసారి కింద పడి కదల్లేదు. ఆ హాల్లో జనం ఉండి ఉంటే అరుపుల్లో కలిసిపోయేది. ఖాళీగా ఉండడం వల్ల ఆ నిశ్శబ్దం మా హాల్లోకి వచ్చేసింది. యాభై పౌండ్ల సంగతి మర్నాటి దాకా గుర్తు రాలేదు.

మర్నాడు పేజీలు మళ్లీ తెరిచాను. తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలి. రెండు దొరికాయి.

ఒకటి, మెక్సికో రికార్డుని ఇంగ్లండ్ కళ్లతో చదివాను. అక్కడ కుర్రాళ్లు మీసం రాకముందే ప్రొఫెషనల్ అయిపోతారు. కనేలో అల్వారెజ్ మొదటి ఫైటు పదిహేనేళ్లకి. వాళ్లని ఎవరూ దాచి పెంచరు, ముందే గట్టివాళ్లతో ఆడిస్తారు. అక్కడ చిన్న వయసు ఓటమి మచ్చ కాదు. హువాన్ మాన్యువెల్ మార్కెజ్ అంతటివాడు మొట్టమొదటి ఫైటే ఓడాడు. వాళ్ల రికార్డులో నేను వినని పేరుంటే అది నాకు తెలియకపోవడమే, వాడు బలహీనుడని కాదు. లీడ్స్‌లో 12-0 అన్నదీ, మెక్సికో సిటీలో 21-2 అన్నదీ ఒకే తూకంలో తూచే అంకెలు కావు. సైటు మాత్రం రెండిటినీ ఒకే రంగుల్లో, ఒకే గడుల్లో చూపిస్తుంది.

రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. వారింగ్టన్ పేజీ నేను సరిగ్గా చూడనే లేదు. మనవాడే కదా, తెలిసినవాడే కదా అనుకున్నాను. ఎడమవైపు చివర తేదీల వరస ఉంటుంది. అంతకుముందు ఫైటు 2019 అక్టోబరు. మధ్యలో పదహారు నెలలు. ఆ కాళ్లు అలా ఎందుకున్నాయో చెప్పే అంకె ఆ పేజీలోనే, నా కళ్ల ముందే ఉంది. ఎదుటివాళ్ల పేర్లు నొక్కడమే గొప్ప విద్య అనుకుని, అసలు వరస చదవలేదు. పందెం కోడిని ఎన్నాళ్లు గంప కింద ఉంచారో కనుక్కోకుండా పెదనాన్న ఎప్పుడూ కొనలేదు.

అప్పటి నుంచి పద్ధతి మారింది. ముందు తేదీలు చూస్తాను, ఎదుటివాళ్ల సంగతి ఆ తర్వాతే. శుక్రవారం బరువు తూచే వీడియో తప్పనిసరి. పెదాలు ఎండి, దవడలు లోపలికి పోయి, మెట్టెక్కడానికి మనిషి ఆసరా కావలసి వస్తే ఆ ఫైటు వదిలేస్తాను. ఇద్దరివీ చివరి మూడు ఫైట్లు చప్పుడు తీసేసి చూస్తూ, నోటుబుక్కులో రౌండుకి పది మార్కుల లెక్కన నేనే వేసుకుంటాను. వ్యాఖ్యాతల మాట వింటే కళ్లు వాళ్లు చెప్పినవాడి వైపే వెళ్తాయి. ఒక ఫైటుకి మూడు గంటలు పడుతుంది. అందుకే నెలకి రెండు కంటే ఎక్కువ చూడలేను.

ఇంత చేసినా సైటు చెప్పలేనిది జడ్జీల కలం. 2022 ఫిబ్రవరి 26న గ్లాస్గోలో జోష్ టేలర్, జాక్ కాటరాల్. నాలుగు బెల్టులూ ఉన్న టేలర్, సొంత గడ్డ. నేను కాటరాల్ మీద పది పెట్టాను. ఎనిమిదో రౌండ్లో టేలర్ని పడేశాడు. నా పుస్తకంలో కాటరాల్ స్పష్టంగా ముందున్నాడు. ఇద్దరు జడ్జీలు 114-111, 113-112 అని టేలర్‌కి ఇచ్చారు, మూడో ఆయన 113-112 కాటరాల్‌కి. తర్వాత బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు ఒక జడ్జి స్థాయి తగ్గించింది కూడా. అయినా కాటరాల్ పేజీలో ఆ గడి ఎరుపే. ఆ ఫైటు చూడనివాడికి అది మామూలు ఓటమిలాగే కనిపిస్తుంది. 2024 మేలో మా లీడ్స్ అరీనాలోనే మళ్లీ ఆడారు. ఈసారి నేను హాల్లోనే ఉన్నాను. ముగ్గురు జడ్జీలూ కాటరాల్‌కే ఇచ్చారు.

రంగులు మారిపోవడమూ ఉంది. 2024 ఏప్రిల్లో ర్యాన్ గార్సియా బరువు దాదాపు కిలోన్నర ఎక్కువ తూగి కూడా డెవిన్ హేనీని మూడుసార్లు పడేసి గెలిచాడు. డోపింగ్ తేలాక జూన్‌లో న్యూయార్క్ కమిషన్ ఆ ఫలితాన్ని రద్దు చేసింది. పేజీలో ఆకుపచ్చ పోయింది. నా పందెం యాప్‌లో మాత్రం ఆ రాత్రి ప్రకటించిన ఫలితమే లెక్క. నేను హేనీ మీద పెట్టిన పది తిరిగి రాలేదు. రెండుసార్లు రాసినా నిబంధన ఇదీ అన్న ఒక వాక్యమే జవాబు. నిబంధన వాళ్లదే, నేనూ ఒప్పుకున్నదే. కోపం మాత్రం పోలేదు.

ఊళ్లో తమ్ముళ్లు "అన్నా, ఈ శనివారం ఎవరు?" అని మెసేజ్ పెడుతుంటారు. చెప్పను. ఇక్కడ లైసెన్సున్న బుకీల దగ్గర కాయడం చట్టబద్ధం. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి ఆన్‌లైన్ పందేలు నేరం. 2025లో దేశం మొత్తానికీ కేంద్రం చట్టం తెచ్చింది. నా మాట విని వాళ్లు కేసుల్లో ఇరుక్కోవడం నాకిష్టం లేదు. నిఖత్ జరీన్ ఆడేటప్పుడు నేనూ కాయను. నిజామాబాద్ అమ్మాయి దెబ్బ తింటుంటే డబ్బు గురించి ఆలోచించలేను. ప్యారిస్ ఒలింపిక్స్‌లో రెండో ఫైటుకే టాప్ సీడ్ వు యూ ఎదురైనప్పుడు లెక్క ఎటు చెబుతోందో నాకు తెలుసు. అయినా చివరి గంట దాకా గెలుస్తుందనే కూర్చున్నాను.

ఏడేళ్ల మొత్తం చూసుకుంటే మూడొందల పౌండ్లకి పైగా నష్టంలోనే ఉన్నాను. అందులో యాభై ఒక్క రాత్రిదే. ఈ సైటు లేకపోతే ఎక్కువే పోయేదని నా నమ్మకం. ఇది వాడాక ఏ ఫైటు కాయకూడదో తెలిసింది, నాకు ఎక్కువ పనికొచ్చింది అదే. నాకు స్థిరమైన జీతం ఉంది, వారానికి పది అనే గీత ఉంది, నోటుబుక్కు పట్టుకుని రాత్రి మూడు గంటలు కూర్చునే ఓపిక ఉంది, పక్కన "చాలు" అనే మనిషి ఉంది. ఇవి ఉన్న నాకు ఆ సైటులో డబ్బు కట్టని ఖాతాయే సరిపోతోంది. వారానికి ఇరవై ఫైట్లు కాసేవాళ్లకి ఎలా ఉంటుందో నేను చెప్పలేను. మెక్సికో బాక్సర్లున్న ఫైట్లు మాత్రం నేనిప్పటికీ కాయడం లేదు, చూస్తానంతే.