వెనక దిగబడ్డ పికప్‌కు కొత్త కమాన్ కట్టలు: మూడేళ్లు లోడు మోసిన తర్వాత

నా పికప్ వెనక భాగం కిందికి దిగిపోతే రెండు వైపులా కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన, బండి బరువు మోసే లీఫ్ స్ప్రింగులు) కొత్తవి వేయించాను. వేయించి మూడేళ్లు దాటింది. కమాన్ పని బాగుందో లేదో బండి షెడ్డులోంచి బయటికొచ్చిన రోజు తెలియదు. ఆ రోజు ఏ పని చేయించినా బండి ఎత్తుగానే కనిపిస్తుంది. ఎండాకాలం బత్తాయి కాపు, వానాకాలం కాపు మోసి, గుంతల రోడ్ల మీద తిరిగిన తర్వాత కూడా అదే ఎత్తులో ఉందా లేదా అన్నదే లెక్క. నాది ఉంది. కట్ట ఒక్కటే కాకుండా దాన్ని పట్టుకుని ఉండే ప్రతి బోల్టూ, బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ కూడా మార్చినందుకే ఉందని నా నమ్మకం.

మాది నల్లగొండ జిల్లా హాలియా పక్కన ఊరు. తోటల నుంచి బత్తాయి ఎత్తుకుని నల్లగొండ, నార్కట్‌పల్లి మీదుగా 65వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి, చిట్యాల, చౌటుప్పల్ దాటి హైదరాబాద్ శివార్లలోని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు చేర్చడం నా పని. మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి అక్కడికి మారాక సిటీ ట్రాఫిక్‌లో ఇరుక్కునే బాధ తప్పింది. తిరుగు లోడుగా ఎరువుల బస్తాలో కిరాణా సామానో దొరుకుతుంది. హైవే మీద కమాన్లకు పెద్ద కష్టం లేదు. కష్టమంతా తోటలోంచి డాంబర్ రోడ్డు ఎక్కేదాకానే. సాగర్ ఎడమ కాల్వ గట్ల మీద బండి ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. ఎర్రమట్టి దారుల్లో ట్రాక్టర్లు లోతుగా గాడులు చేసి పెడతాయి. ఇక ఊరూరా కొలత లేకుండా పోసిన స్పీడ్ బ్రేకర్లు ఉండనే ఉన్నాయి. నిండు లోడుతో ఇవన్నీ దాటేటప్పుడు పట్టీలు వంగుతాయి, లేస్తాయి, మళ్లీ వంగుతాయి. ఎంత మంచి స్ప్రింగ్ స్టీలైనా ఏళ్ల తరబడి అలా పనిచేస్తే తన వంపును కొద్దికొద్దిగా వదిలేస్తుంది.

అందుకే దిగబడటం ఒక్కసారిగా కనిపించదు. నాకు మొదట తెలిసింది ఎదురుగా వచ్చే బండ్ల వల్ల. నా హెడ్‌లైట్ డిమ్‌లోనే ఉన్నా రాత్రిపూట వాళ్లు డిప్పర్ కొట్టేవాళ్లు. వెనక దిగితే ముక్కు పైకి లేస్తుంది, లైటు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. తర్వాత లోడుతో ఉన్నప్పుడు స్టీరింగ్ మరీ తేలికైపోయింది. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా చాసిస్ కింద ఉండే రబ్బరు బంప్‌కు యాక్సిల్ తగిలి గట్టిగా చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినిపిస్తున్నదంటే స్ప్రింగ్ పని అయిపోయి, దెబ్బ నేరుగా చాసిస్‌కు వెళ్తున్నదని అర్థం.

కంటితో చూసి నిర్ణయించొద్దు, కొలవాలి. ఖాళీ బండిని చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టి, టైర్లలో గాలి సరిచూసి, చక్రం మధ్య నుంచి నిలువుగా బాడీ అంచుదాకా టేపు పట్టాలి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా అందులో కలిసిపోతుంది. రెండు వైపులా కొలిచి రాసి పెట్టుకోవాలి. నా బండికి ఎడమ వైపు కుడి కంటే అంగుళం పైగా తక్కువ వచ్చింది. రోడ్డు ఎడమ అంచుకు వాలుగా ఉంటుంది, మనం నడిచేది ఆ పక్కనే కదా.

ఇక్కడ చాలామంది షాకర్లు (షాక్ అబ్జార్బర్లు) మార్చేస్తారు. కమాన్ కట్టలున్న బండిలో మామూలు షాకర్ బరువు మొయ్యదు. గుంత దాటాక బండి ఊగకుండా ఆపడమే దాని పని. షాకర్ పోతే బండి ఎగురుతుంది, కమాన్ పోతే దిగుతుంది. దిగిన బండికి షాకర్లు మారిస్తే డబ్బు పోవడం తప్ప ఎత్తు అంగుళం కూడా పెరగదు.

కమాన్ పనికి మా వైపు వాళ్లం మిర్యాలగూడ పోతాం. రైస్ మిల్లుల వల్ల అక్కడ లారీలు ఎక్కువ, లారీలున్న చోట కమాన్ మేస్త్రీలు ఉంటారు. నేను మొదట చేయించింది పాత పట్టీలను కొట్టించడం. కట్ట విప్పి, ఒక్కో పట్టీని దిమ్మె మీద పెట్టి సుత్తితో వరసగా కొడుతూ వంపు తెప్పిస్తారు. కొత్త కట్ట ధరలో చిన్న భాగంతో పని అయిపోతుంది. చూడటానికి బండి కొత్తదానిలా లేచింది. ఆ కత్తెర కాపు (ఎండాకాలం కాపు) బాగానే గడిచింది, తర్వాత కాపు నడుమకొచ్చేసరికి మళ్లీ దిగడం మొదలైంది. స్టీలు అలసిపోయిన తర్వాత సుత్తితో వంపు వస్తుంది కానీ పోయిన సత్తువ రాదు. పైగా ఫ్యాక్టరీలో పట్టీల మీద సన్నని ఉక్కు గుండ్లను వేగంగా కొట్టించి పై పొరను బిగుతుగా చేస్తారు, పగుళ్లు మొదలుకాకుండా. సుత్తి గాట్లు పడితే అక్కడే పగుళ్లకు చోటు దొరుకుతుంది. అయినా నేను కొట్టించడాన్ని కొట్టిపారెయ్యను. చేతిలో డబ్బు లేనప్పుడు ఒక కాపు గట్టెక్కడానికి అది పనికొస్తుంది, నాకు పనికొచ్చింది. కాకపోతే గ్యాస్ మంటతో కాల్చి వంచుతామంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఆ స్టీలుకు బలం వచ్చేదే ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మళ్లీ లెక్కగా వేడిచేసి పదును పెట్టడం వల్ల. మంట తగిలిన చోట ఆ పదును పోతుంది. ఆ తర్వాత అక్కడ మెత్తబడి వంగుతుంది, లేదంటే విరుగుతుంది.

ఇంకో పట్టీ చేర్చడం రెండో పద్ధతి. మా బావమరిది బండికి అలా చేశారు, ఆ బండి నేను కూడా తరచుగా నడుపుతాను. షెడ్డులో అందరూ చెప్పే మాట ఒకటే: "అన్నా, ఇంకో పట్టీ ఏస్తే గట్టిగుంటది." గట్టిగా ఉండే మాట నిజమే. కానీ ఎంత గట్టిగా అన్నది ఎవరూ చెప్పరు. ఒకే కొలత పట్టీలు 5 ఉన్న కట్టకు అలాంటిదే ఇంకొకటి చేరిస్తే బిగువు, అంటే వంగకుండా నిలిచే గట్టితనం, దాదాపు 20 శాతం పెరుగుతుంది, దానితో ఇబ్బంది లేదు. మందం దగ్గరే అసలు సంగతి ఉంది. పట్టీ బిగువు దాని మందం ఘనాన్ని బట్టి, అంటే మందాన్ని మందంతో రెండుసార్లు గుణించిన లెక్కలో, పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ ఉన్న చోట లారీ స్క్రాప్ నుంచి కోసిన 10 మిల్లీమీటర్ల పట్టీ పెడితే, చూపులో తేడా 2 మిల్లీమీటర్లే, ఆ పట్టీ బిగువు మాత్రం దాదాపు రెండింతలు. మా వాళ్ల బండిలో పడింది అలాంటి పట్టీయే. లోడుతో నిటారుగా నిలబడుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఖాళీగా నడిపితే మాత్రం వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, వానలో మలుపు దగ్గర వెనక టైర్ల పట్టు తప్పుతుంది. పాత మెయిన్ పట్టీ కన్ను దగ్గర, అంటే బోల్టు దూరే చివరి రంధ్రం దగ్గర, పగిలింది కూడా. కొత్త పట్టీ వంగకపోతే దెబ్బంతా పాతవాటి మీదికి, కట్టను చాసిస్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ రివెట్ల మీదికి పోతుంది. పోయేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ అయ్యే బండికి ఈ పద్ధతి నేను చెప్పను.

ఇక నా బండి కింద ఇప్పుడున్నది. బండి మోడల్‌కు సరిపోయే కొలతలతో, అన్నే పట్టీలతో రెండు వైపులా కొత్త కట్టలు. ఒక వైపే మార్చమని, సగం ఖర్చు మిగులుతుందని చెప్పేవాళ్లు ఉంటారు. అలసిన కట్ట ఒక పక్క, కొత్త కట్ట ఒక పక్క ఉంటే బండి ఎప్పటికీ ఒరిగే ఉంటుంది. రెండూ ఒకేసారి మార్చాలి.

బిగించేటప్పుడు నేను పక్కనే నిలబడి అడిగి చేయించుకున్న పనులు ఉన్నాయి, మూడేళ్లు నడిచింది వాటి వల్లే. కట్టను యాక్సిల్‌కు బిగించి పట్టే యూ బోల్టులు కొత్తవి వేయించాను. అవి ఒకసారి బిగిస్తే సాగుతాయి, పాతవాటిని మళ్లీ బిగిస్తే పట్టు నిలవదు. పట్టు వదులైతే కట్ట నడుమ కదులుతుంది, అప్పుడు భారమంతా పట్టీలను నడుమ కలిపి ఉంచే సెంటర్ బోల్ట్ మీద పడి అది తెగుతుంది. అది తెగితే యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరిగి బండి పీతలా పక్కకు నడుస్తుంది. నిండు లోడుతో హైవే మీద ఆ స్థితి ఎవరికీ రాకూడదు.

రబ్బరు బుష్‌ల సంగతి మంచి మేస్త్రీలు కూడా మర్చిపోతారు. కట్ట కన్నుకూ, షాకిల్‌కూ (కట్ట చివరను చాసిస్‌కు కలిపే, ఊగే ముక్క) ఉండే బోల్టులను బండి జాకీ మీద గాల్లో ఉన్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువుతో కూర్చున్నాకే చివరి బిగింపు పడాలి. గాల్లో బిగిస్తే రబ్బరు అక్కడే పట్టుకుపోతుంది, బండి దించగానే మెలి తిరిగి ఆ మెలిలోనే పనిచేస్తూ తొందరగా చిరుగుతుంది. మేస్త్రీకి ఈ మాట చెబితే కాసేపు నా ముఖం చూసి, "సరే అన్నా, దించినంకనే బిగిద్దాం" అన్నాడు. అలాగే చేశాడు.

బ్రేకు గురించి మాత్రం ఎవరూ అడగరు, అడగాల్సిందే. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్‌కూ చాసిస్‌కూ మధ్య ఒక కడ్డీతో కలిపిన బ్రేక్ వాల్వ్ ఉంటుంది. వెనక భాగం ఎంత దిగిందో చూసి బండిలో ఎంత లోడుందో అది లెక్కకట్టి, వెనక చక్రాలకు అంత బ్రేకు పంపుతుంది. కమాన్లు దిగిపోయిన బండిలో లోడు లేకున్నా ఉన్నట్టే అనుకుంటుంది. అందుకే ఖాళీ బండి తడి రోడ్డు మీద బ్రేకు కొడితే వెనక చక్రాలు లాక్ అయి జారుతాయి. ఎత్తు మామూలు కంటే పెంచితే దీనికి తలకిందులుగా, నిండు లోడులో కూడా వెనక బ్రేకు తక్కువ పంపుతుంది. కట్టలు మార్చిన రోజే ఆ కడ్డీని కంపెనీ సర్వీస్ కొలత ప్రకారం సరిచేయించాను. హెడ్‌లైట్ ఎత్తు కూడా అప్పుడే దించి పెట్టించాను, డిప్పర్ల గొడవ పోయింది.

కొత్త కట్టలు మొదట్లో కాస్త దిగుతాయి, కంగారు పడొద్దు. నావి ఒక వేలి మందం దిగి అక్కడ ఆగాయి. మొదటి కొన్ని లోడులు అయ్యాక యూ బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించుకోవాలి, ఇది వదిలేస్తే చేసిన పనంతా వృథా. నా బండికి అప్పుడు దాదాపు ప్రతి నట్టూ కొంచెం తిరిగింది. ఆ తర్వాత సర్వీసు చేయించినప్పుడల్లా చూస్తున్నాం, కదల్లేదు.

ఇప్పటి పరిస్థితి: ఎడమ కుడి కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. నిండు లోడుతో స్పీడ్ బ్రేకర్ దాటితే బంప్ తగలడం లేదు. ఖాళీ బండి కొత్తలో కొంచెం బిరుసుగా ఉండేది, తర్వాత సర్దుకుంది. నచ్చనిది చప్పుడు. వానాకాలం అయ్యాక ఎర్రమట్టి పట్టీల మధ్య ఎండి కిర్రుమంటుంది. ఒత్తిడి నీళ్లతో కడిగిస్తే తగ్గుతుంది. చాలా షెడ్లలో పాత ఇంజిన్ ఆయిల్ పూస్తారు, అది రబ్బరు బుష్‌లను తినేస్తుంది. పూయాల్సి వస్తే పట్టీల చివర్లలో మాత్రమే గ్రాఫైట్ గ్రీజు రాయించండి.

ఖర్చు కొట్టించినదానికి దాదాపు మూడింతలైంది. ఏడాదికి రెండు కాపులు తిరిగే బండికి అది వెనక్కి వచ్చేసింది. కానీ ఈ కట్టలు ఆర్సీలో రాసిన బరువుకే లెక్క. ధర బాగున్న రోజు ఇంకో పది క్రేట్లు ఎక్కించాలనిపిస్తుంది, తోట రైతు కూడా బతిమాలతాడు. నేను ఎక్కించడం మానేశాను. మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో 194వ సెక్షన్ కింద ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 ఉన్నాయి. జరిమానా సరే, ఓవర్‌లోడు ఎక్కిస్తూ పోతే ఏ కంపెనీ కట్ట వేసినా మూడేళ్లు నిలవదు.

ఈసారి కత్తెర కాపు మొదలయ్యేలోపు ఎడమ వైపు షాకిల్ బుష్ మార్పించాలి, రబ్బరు అంచు పగిలింది. దానికి కట్ట మొత్తం విప్పాల్సిన పని లేదు, పూటలో అయిపోతుంది.