బొమ్మకు ఎదురుగా మనిషా, ఫోన్లో ఫోటోనా?

బరంపురంలో దసరాకి ముందు దుర్గమ్మ విగ్రహాలు చేసే చోట ఎవరూ మనిషిని నిలబెట్టి చూస్తూ చెయ్యరు. వెదురుకర్రలకు ఎండుగడ్డి పురికొసతో బిగించి కట్టి, పైన మట్టి మెత్తుతారు. కొలతలు చేతికే వచ్చేసి ఉంటాయి. శిల్పశాస్త్రంలో ఆ కొలతల పేరు తాలమానం. ముఖం ఒక తాలం, అంటే 12 అంగుళాలు. నవతాల విగ్రహం, అంటే తొమ్మిది తాలాలది, నిలువు 108 అంగుళాలు. (దర్జీ టేపు అంగుళం కాదది, విగ్రహంతో పాటు పెరిగి తరిగేది.) దేవతను చెయ్యాలంటే ఆ దారే మేలు.

పర్లాకిమిడిలో మా పిన్ని కొడుకు అడిగింది వేరు. "అన్నయ్యా, మన వీధిలో మనిషిలా ఉండాలి బొమ్మ. ఫోన్లో ఫోటోలు చూసి చేస్తే చాలదా?"

చాలదురా. ఫోన్ దగ్గరగా పెడితే ముక్కు పెరుగుతుంది, చెవులు వెనక్కి పోతాయి. అది కాకపోయినా ఫోటో ఒక్క వైపే చెబుతుంది, మట్టికి చుట్టూ కావాలి. ఎనిమిది వైపుల నుంచీ తీద్దామంటే ఎనిమిదో ఫోటోకి మనిషి కాలు మార్చేసి ఉంటాడు.

ఎదుట మనిషీ కదులుతాడు నిజమే. కానీ నేర్చుకునేది ఆ కదలికలోనే. మా చిన్నాన్నని లుంగీ పైకి కట్టించి, చొక్కా విప్పించి నిలబెట్టాను. కుడికాలి మీద బరువు వేశాడు. కుడి తుంటి పైకి లేచింది, కుడి భుజం కిందికి వాలింది. తాపీమేస్త్రీ గుండుదారం మెడ గుంట దగ్గర నుంచి వదిలితే ఆ కాలి చీలమండ దగ్గరికే దిగింది. పావుగంట దాటాక ఎడమ తుంటి ఇంకా కుంగింది. బరువు ఎక్కడుందో ఏ ఫోటోలోనూ నాకు అలా తెలియలేదు.

ఫ్రెంచి శిల్పి రోడాన్ పనిచేసిన తీరూ ఇదే: మోడల్ చుట్టూ తిరిగి ఒక్కో వైపు అంచు గీతను పట్టుకోవడం. ఒక బెల్జియన్ సైనికుణ్ణి నిలబెట్టి చేసిన 'ఏజ్ ఆఫ్ బ్రాంజ్'ని 1877లో ప్రదర్శిస్తే, మనిషి ఒంటి మీదే అచ్చు తీశాడని నింద వేశారు. అంత బాగా చూసినందుకు దక్కిన మర్యాద అది!

ప్లాస్టర్‌తో పోసిన అచ్చుబొమ్మని ఎదురుగా పెట్టుకుని చెయ్యడం మూడో దారి. అలసిపోదు, కూలి అడగదు, వెలుగు మారదు. పాదం, చెయ్యి, తల మొదట దాన్ని చూసి చేసుకోవడం మంచిదే. నిలువెత్తు మనిషికి మాత్రం పనికిరాదు, దానికి ఊపిరి లేదు కదా.

ఖల్లికోట ప్రభుత్వ ఆర్ట్ కాలేజీ లాంటి చోట చేరితే సంగతి వేరు. ఇంట్లో చేసుకునేవాడికి బట్టల్లేని మోడల్ దొరకడు, వెతకనూ అక్కర్లేదు. నిక్కరుతో నిలబడే బంధువు చాలు. రోజుకూలి ఇవ్వాలి, అడక్కుండా ఫోటో తియ్యకూడదు. ఇరవై నిమిషాలకోసారి విశ్రాంతి. పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తే మళ్ళీ అక్కడే నిలబడతాడు. బొమ్మ అడుగు ఎత్తు మించొద్దు. లోపల తీగచట్రానికి చిన్న చెక్కముక్కలు అడ్డంగా కట్టి వేలాడదీస్తే మట్టి జారదు. పని ఆపగానే తడిగుడ్డ కప్పాలి.

ఒక్క మెలిక. తాలమానంలో కొలత ముఖం, జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా. ఆర్ట్ స్కూళ్ళ లెక్కలో నడినెత్తి నుంచి గడ్డం దాకా మొత్తం తల, మనిషి దానికి సుమారు ఏడున్నర రెట్లు. రెండూ కలిపేసి నా మొదటి బొమ్మకి గుమ్మడికాయంత తల పెట్టాను.

ఫోటోలు రెండు ఉంచుకో, చిన్నాన్న ఇంటికెళ్ళాక గడ్డం చూసుకోవడానికి. మూడో రోజు ఆయన బొమ్మ చుట్టూ తిరిగి, "నా పొట్ట ఇంతుందట్రా?" అన్నాడు. గుండుదారం తెచ్చి చూపించాను.