ఒకే ల్యాప్‌టాప్‌లో మూడు విండోస్‌లు: ఆరేళ్ల వాడకం తర్వాత

శ్రీకాకుళంలో ఉంటూ పలాస, కాశీబుగ్గల జీడిపప్పు వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తుంటాను. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు అనే లినక్స్. దాని మీద కేవీఎంతో, అంటే ఒక కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్ (వర్చువల్ యంత్రం) ఉన్నట్టు నడిపే ఏర్పాటుతో, విండోస్ 7, 10లను ఆరేళ్లుగా నడుపుతున్నాను. 11 తర్వాత చేరింది. వీటిని ఎలా ఎక్కించుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను ఈ పద్ధతికి కట్టిపడేసింది ఒక్కటే, స్నాప్‌షాట్: యంత్రం ఆ క్షణాన ఎలా ఉందో భద్రపరిచి, కావాలంటే తిరిగి అక్కడికే వెళ్లనిచ్చే సదుపాయం.

విండోస్ 7కు మద్దతు 2020 జనవరిలోనే ముగిసినా నా ఖాతాదారులు ఇద్దరి కౌంటర్లలో ఇప్పటికీ అదే. ఒకసారి విండోస్ 10లో బిల్లు నమూనా దిద్ది, సరుకు పేర్లకు నిర్మలా యూఐ ఫాంటు వాడాను. ఆ ఫాంటు విండోస్ 8 నుంచే వస్తోంది. 7లో దాని బదులు తెలుగుకు వచ్చేది గౌతమి. రెండింటి అక్షరాల వెడల్పు ఒకటి కాదు. విండోస్ 7 వర్చువల్ యంత్రంలో తెరిచి చూస్తే ‘జీడిపప్పు బద్ద’ అన్న పేరు రెండు వరుసలై, దాని ధర కింది సరుకు పక్కకు దిగింది. బయట లారీ నిలబడి ఉండగా, గుమాస్తా బిల్లు తీస్తుండగా ఈ తప్పు బయటపడితే నా మీద నమ్మకం ఏమయ్యేది? ఆ రాత్రి ఐదు రకాలుగా మార్చి చూశాను. ఒకటి చెడగానే వెనక్కి వెళ్లడం, మళ్లీ మొదలుపెట్టడం. ప్రతిసారీ అర నిమిషం చాలింది. పాడవుతుందన్న భయం లేకుండా పనిచేయడం ఎంత హాయో అప్పుడే తెలిసింది.

నేను వాడే పద్ధతి ఉన్న డిస్కు ఫైలును కదపకుండా ఉంచి, ఆపైన జరిగే మార్పులన్నీ కొత్త ఫైలులో రాస్తుంది. పై ఫైలును తీసేస్తే పాత స్థితి దొరుకుతుంది. కొత్త వెర్షన్ ఇచ్చిన ప్రతిసారీ ఒకటి తీసుకున్నాను, పాతవి సర్దలేదు. ఒకదాని మీద ఒకటిగా పదకొండు పేరుకున్నాయి.

మార్చి నెలాఖరు, లెక్కలు ముగించే రోజులు. విండోస్ 7 యంత్రం ఉన్నట్టుండి నిలిచిపోయింది. మౌస్ కదలదు, తెర మీద ఏ హెచ్చరికా లేదు. గంటసేపు నా ప్రోగ్రాములోనే లోపం వెతికాను. అసలు సంగతి ల్యాప్‌టాప్ డిస్కు నిండిపోవడం. రాయడానికి చోటు లేక యంత్రం తనంతట తాను ఆగింది. అది డేటాను కాపాడే ఏర్పాటే. చోటు చేద్దామని ఫైళ్లు చూస్తే ఒకటి అన్నిటికన్నా పెద్దది, ఏడాదిన్నరగా మారనే లేదు. ఎప్పటిదో అనుకుని, యంత్రాన్ని ఆపి దాన్ని చెరిపేశాను. అదే పునాది, పైనున్న స్నాప్‌షాట్లన్నీ ఆధారపడిన మొదటి డిస్కు ఫైలు. పునాదిలో కొత్తగా ఏదీ రాయరు కాబట్టే దాని తేదీ మారదు. పైనున్న పదకొండూ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి.

సోర్సు కోడు, దాని మార్పులన్నీ భద్రపరిచే గిట్‌లో, వేరే చోట ఉంది కనుక దక్కింది. పోయింది విండోస్ 7, అందులోని పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ డ్రైవరు. దాని సీడీ నా దగ్గర లేదు. పొద్దున్నే పలాస బస్సెక్కాను. షావుకారు గారు విషయం విని, “బాబూ, సాయంత్రం కొట్టు కట్టాక మా కంప్యూటర్ ముందు కూర్చో, ఎంతసేపైనా పరవాలేదు” అన్నారు. ఆ మాట మరిచిపోలేను. డ్రైవరు తెచ్చుకుని యంత్రాన్ని మళ్లీ నిలబెట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

స్నాప్‌షాట్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదని అంతకుముందు ఇద్దరు మిత్రులకు చెప్పి ఉన్నాను. ఇద్దరికీ ఫోను చేసి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు మూడుకు మించి ఉంచడం లేదు. పాతవాటిని పునాదిలో కలిపేస్తాను. ప్రతి ఆదివారం యంత్రాలన్నీ ఆపి బయటి డిస్కులోకి నకలు తీస్తాను.

నా 16 జీబీ మెమరీలో ఒక్కో యంత్రం హాయిగా నడుస్తుంది, రెండు కలిపి తెరిస్తే ఆయాసపడుతుంది. యూఎస్‌బీ ప్రింటర్‌ను యంత్రానికి అప్పగించవచ్చు కానీ, కాగితం మీద వరుసలు కుదిరాయో లేదో ఇప్పటికీ పలాస వెళ్లి కౌంటర్లోనే సరిచూసుకుంటాను. ప్రతి విండోస్‌కూ లైసెన్సు ఖర్చు విడిగా ఉంటుంది. వెబ్ పని మాత్రమే చేసేవారికి, మొత్తం విండోస్ కాకుండా ఒక్కో ప్రోగ్రామును విడిగా నడిపే కంటైనర్లు సరిపోవచ్చు. నా ఖాతాదారులు పాత విండోస్ వదలరు కాబట్టి నాకు ఇదే కుదిరింది. ఆ ఇద్దరూ కౌంటర్లో కంప్యూటర్ మార్చేదాకా విండోస్ 7 యంత్రాన్ని తీసేయను. దాని నకలు ఇప్పుడు రెండు డిస్కుల్లో ఉంది.