స్టార్‌డ్యూ వ్యాలీ: పొద్దునూ పెట్టుబడినీ పంచుకోవడం నేర్పిన ఆట

స్టార్‌డ్యూ వ్యాలీని మొదట కంప్యూటర్‌లోనూ, తర్వాత ఫోన్‌లోనూ కొన్నేళ్ళుగా ఆడుతున్నాను. ఇది వ్యవసాయం నేర్పే ఆట అని మెచ్చుకునేవారు చాలామందే ఉన్నారు గాని, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య పెరిగి, ఇప్పుడు పలాసలో జీడిపప్పు వ్యాపారంలో లెక్కలు రాసుకునే నాకు ఆ మెప్పు సరిగ్గా కుదిరినట్టు అనిపించదు. ఉన్న పొద్దునూ, ఒంట్లో సత్తువనూ, చేతిలోని డబ్బునూ ఏ పనికి ఎంత కేటాయించాలో తేల్చుకోవడం మాత్రం ఈ ఆట నేర్పినంత బాగా మరేదీ నాకు నేర్పలేదు.

అమెరికాకు చెందిన ఎరిక్ బారోన్ ఒక్కడే ప్రోగ్రామింగ్, బొమ్మలు, సంగీతం అన్నీ చూసుకుంటూ నాలుగేళ్ళకు పైగా శ్రమించి 2016 ఫిబ్రవరిలో దీన్ని విడుదల చేశాడు. ఆండ్రాయిడ్ ఫోన్లకు 2019లో వచ్చింది. పట్నంలో ఉద్యోగం వదిలి, తాతగారి పాడుబడిన పొలానికి వచ్చిన మనిషిగా ఆట మొదలుపెడతాం. అప్పటికి మన దగ్గర ఉండేవి 500 నాణేలు, 15 పార్స్‌నిప్ దుంప విత్తనాలు, కొన్ని పనిముట్లు మాత్రమే.

ఆటలో రోజు ఉదయం 6 గంటలకు మొదలై రాత్రి 2 గంటలకు ముగుస్తుంది. మన మనిషికి మొదట్లో 270 పాయింట్ల సత్తువ ఉంటుంది. మామూలు డబ్బాతో పొలంలోని ఒక్కో గడికి నీళ్ళు పోస్తే 2 పాయింట్లు, ఒకసారి గాలం వేస్తే 8 పాయింట్లు తగ్గుతాయి. సత్తువ పూర్తిగా హరించుకుపోయేదాకా పని చేయిస్తే మర్నాడు సగం సత్తువతోనే నిద్ర లేస్తాడు. 2 గంటలలోపు పక్కమీదకు చేరకపోతే ఉన్నచోటనే సొమ్మసిల్లి పడిపోతాడు, డబ్బులో కూడా కొంత పోతుంది. 60 గడుల్లో పైరు వేస్తే రోజూ నీళ్ళకే 120 పాయింట్లు పోతాయి కనుక, గనికి వెళ్ళడానికైనా, చేపలు పట్టడానికైనా మిగిలేది సగానికి కాస్త ఎక్కువ. పొలం పెంచాలనిపించిన ప్రతిసారీ, విత్తనాలు కొనగలమా అన్న ప్రశ్నకంటే ముందు, వాటికి రోజూ నీళ్ళు ఎవరు పోస్తారన్న ప్రశ్న వేసుకోవలసి వస్తుంది. ఈ క్రమశిక్షణ నా ఉద్యోగంలోకి కూడా వచ్చింది. జీడి పిక్కలు దిగే ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర పని రాత్రి పొద్దుపోయినా తెగదు. తూకం చీటీలను ఏ రోజువి ఆ రోజే పుస్తకంలోకి ఎక్కించి, మొత్తాలు సరిచూసే పనిని తెల్లవారి తేటగా ఉన్న బుర్రకు వదిలిపెట్టడం ఈ ఆట వల్లనే అలవాటు చేసుకున్నాను.

డబ్బు విషయంలో ఇంకా లోతైన పాఠం ఉంది. పార్స్‌నిప్ విత్తనం ధర 20 నాణేలు; నాలుగు రోజుల్లో పండి 35 పలుకుతుంది. కాలీఫ్లవర్ విత్తనం ధర 80. పన్నెండు రోజులకు పండి 175 పలుకుతుంది. పైపైన చూస్తే కాలీఫ్లవరే లాభసాటి. కానీ అదే 80 నాణేలతో నాలుగు పార్స్‌నిప్‌లు వేస్తే 140 వస్తాయి, వాటితో ఏడు వేస్తే 245, ఆ డబ్బుతో పన్నెండు వేస్తే ఆ పన్నెండు రోజులకే 420 దాటుతుంది. అయితే అందుకు నీళ్ళు పోయవలసిన గడులు ఒకటి నుంచి పన్నెండుకు పెరుగుతాయి, అంటే పెట్టుబడి త్వరగా తిరిగిరావాలంటే చాకిరీ రూపంలో మూల్యం చెల్లించాలి. ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు ఈ లెక్కను నాకంటే చురుగ్గా పట్టుకున్నాడు. ఆటలోని వసంత ఋతువు మూడో తేదీన నేను డబ్బంతా కాలీఫ్లవర్‌కు పెట్టబోతుంటే వాడు, "మావయ్యా, 13న గుడ్ల పండగలో స్ట్రాబెర్రీ విత్తనాలు అమ్ముతారు కదా, ఇది 15కి గాని చేతికి రాదు, అప్పుడు దేంతో కొంటావు?" అని అడిగాడు. స్ట్రాబెర్రీ విత్తనం ఒక్కొక్కటి 100 నాణేలు. రేపటి విత్తనాల డబ్బును పక్కన పెట్టి, మిగిలినదే నేటి ఖర్చుగా చూడాలన్న సంగతి పదిహేడేళ్ళ పిల్లవాడికి నా ఉపన్యాసం వల్ల తెలియలేదు, ఆట వల్ల తెలిసింది. ఋతువుకు 28 రోజులే కావడం, ఋతువు మారగానే చేతికి రాని పైరు చాలావరకు ఎండిపోవడం కూడా ఇలాంటి ముందుచూపునే కోరతాయి.

ఇక ఈ ఆట నేర్పనివి కూడా చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో వాటి బరువు చాలా ఎక్కువ. ఆటలో ఒక్క దుంప అమ్మినా వెయ్యి అమ్మినా ధర మారదు. పలాసలో 80 కిలోల పిక్కల బస్తా ధర సరుకు ముమ్మరంగా దిగేసరికి పడిపోతుంది, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే పిక్కలు కూడా ఆ ధరను కదిలిస్తాయి. ఆటలో వడ్డీ అప్పులు లేవు. పళ్ళచెట్టు 28 రోజుల్లో కాపుకొస్తుంది. దానిపై పిడుగు పడినా నాలుగు రోజులు పళ్ళకు బదులు బొగ్గు ఇచ్చి మళ్ళీ మామూలవుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఉద్దానంలో తరాలుగా కాస్తున్న కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. మళ్ళీ నాటిన మొక్క కాయ చూపించడానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళలో ఇల్లు గడవడానికి వలస పోవడం తప్ప చాలామందికి దారి లేకపోయింది. ఆట నేర్పే ముందుచూపును నేను గౌరవిస్తాను గాని, ముందుచూపు ఉంటే చాలు రైతు నిలబడతాడన్న భ్రమ పిల్లల్లో కలగకూడదు. అందుకే ఆడుతున్నప్పుడే మా మేనల్లుడికి ఈ తేడాలన్నీ విడమరచి చెబుతుంటాను.

ఫోన్‌లో ఆడేవారికి రెండు మాటలు. ఒక్కసారి కొంటే చాలు, ప్రకటనలు గాని లోపల మళ్ళీ కొనవలసినవి గాని లేవు. తెలుగు లేదు, మాటలు చాలా ఎక్కువ కాబట్టి ఇంగ్లీషు చదవగలిగితేనే ఆట పూర్తిగా అందుతుంది. వేలితో చేపలు పట్టడం కష్టమే, కంప్యూటర్‌లోనే హాయి. మరొక ఇబ్బంది ఏమిటంటే, మనిషి పడుకోగానే ఆట సేవ్ అయి వెంటనే కొత్త రోజు మొదలవుతుంది కనుక ఆపాలనే తలంపు రాదు. ఆటలో ఒక రోజు పూర్తిగా సాగితే సుమారు 14 నిమిషాలు, ఒక వారానికి గంటన్నర దాటుతుంది. మా మేనల్లుడికి నేను పెట్టిన హద్దు, చదువు అయ్యాక ఆటలో మూడు రోజులు.